గోడాదరాలో వాటర్లూ

మొన్న ఆదివారం మా ఆవిడ నా పాత ఆఫీసు సంచిని పారేసే ముందు జేబులన్నీ తడుముతుంటే, చినిగిన అస్తరు లోపల ఒక సిపాయి దొరికాడు. అంగుళం ఎత్తు మనిషి. నల్లకోటు, ఛాతీ మీద అడ్డంగా తెల్లదారపు పట్టీ, భుజాన గుండుసూదితో చేసిన తుపాకీ. "ఇదుగో మీ జర్మనీ ఆయన" అని నా అరచేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈ నల్లకోటు వాడి కోసం రెండేళ్లపాటు నన్ను అనుమానించిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆట మొదలుపెట్టే ముందు సైన్యం మొత్తాన్నీ లెక్కపెట్టి, "ఒకడు తక్కువున్నడు సారూ" అని నా వైపు చూసేవాడు. నేను తీయలేదని ఒకసారి కాదు, చాలాసార్లు ఒట్టు పెట్టాను. తీసింది నేనే. ఆఫీసులో ఎవరికో చూపిద్దామని సంచిలో వేసుకుని మరిచిపోయాను. ఇప్పుడు తిరిగి ఇచ్చేద్దామంటే ఆయన లేడు. పోయిన చలికాలంలో పోయాడు.

ఆయన్ని మొదట చూసింది మా బ్యాంకులోనే. నాది కాకినాడ పక్క ఊరు. బదిలీ మీద బదిలీ అయి సూరత్‌లో పడ్డాను. గోడాదరాలో మా శాఖకు తెలుగు మాట కొత్త కాదు. సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ గల్లీల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్లు నా దగ్గరికి వచ్చేది ఫారాలు నింపించుకోవడానికి. ఈయన ఫారం అడగలేదు. సన్నటి మనిషి, అరవైకి దగ్గర పడ్డ వయసు, చొక్కా జేబులో చిన్న కత్తెర. నా బల్ల మీది స్టాంపు ప్యాడ్‌ను చాలాసేపు చూసి, ఇది ఎండిపోయాక ఏం చేస్తారని అడిగాడు. పారేస్తామన్నాను.

"పారేయకుండ్రి సారూ, నాకియ్యుండ్రి. ఫ్రెంచోళ్లకు కోట్లు తక్కువ పడ్డయ్."

పక్క కౌంటరు అమ్మాయి లెడ్జరు చాటున తల దాచుకుని నవ్వింది. నేను నవ్వలేదు. నాకు పుట్టుకతో ఒక జబ్బుంది. ఎవరైనా సగం చెప్పి ఆపితే మిగతా సగం తెలిసేదాకా అన్నం సహించదు. ఆ సాయంత్రమే రెండు ఊదారంగు ప్యాడ్లూ ఒక ఎర్రదీ పట్టుకుని ఆయన చెప్పిన గల్లీ వెతుక్కుంటూ వెళ్లాను.

మేడ మీద రెండు గదులు. మంచం కింద వరసగా బిస్కెట్ డబ్బాలు. ఆయన మూతలు తీసి చూపించాడు. ఒక డబ్బాలో గుర్రాలు, ఒక డబ్బాలో ఫిరంగులు, మిగతా వాటిలో కాల్బలం. అందరూ అగ్గిపుల్లల్లా పక్కపక్కన పడుకుని ఉన్నారు. నెపోలియన్ కాలం నాటి యూరపు సైన్యం మొత్తం గోడాదరాలో ఒక నవారు మంచం కింద నిద్రపోతోంది. ఎందుకు చేశావన్నా అని అడిగితే, చెయ్యి ఖాళీగా ఉంటే మంచిది కాదన్నాడు. అదీ సగం జవాబే.

ఆయన పని మగ్గం నడపడం కాదు. మగ్గం మీద ఒక బీము, అంటే నిలువు పోగుల పడుగు చుట్టిన దుంగ, అయిపోయి కొత్త బీము ఎక్కించినప్పుడు పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలిపి ముడి వేయాలి. వేల పోగులు ఉంటాయి. పెద్ద కార్ఖానాల్లో దానికి మిషన్లు వచ్చాయి. చిన్న షెడ్లలో ఇంకా మనుషుల వేళ్లే ఆ పని చేస్తాయి. ఆయన చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. రెండు పోగులు బొటనవేలి కిందికి వెళ్లడం కనిపిస్తుంది. ముడి పడడం మాత్రం ఎంత కళ్లు చిట్లించినా కనిపించదు. ఆ పనికి ఒక పట్టింపు ఉంది. అతకడానికి కూర్చున్నవాడు సగంలో లేవకూడదు. లేస్తే వరస తప్పుతుంది, ఒక్క పోగు తప్పితే బట్ట పొడుగునా గీత పడుతుంది. అందుకని ఆయన బీము ముందు కూర్చునే రోజు పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తక్కువ తాగేవాడు.

సిపాయిలూ ఆ చేతుల్లోంచే పుట్టారు. పాత మగ్గం తీగ ముక్క ఒళ్లు, దాని మీద చుట్టిన దారం కోటు, తల అంటే ఒక ముడి. మగ్గాల మీద నడిచేదంతా తెల్లదారమే, రంగులు పడేది వేరే చోట. అందుకే ఆయనకు బ్యాంకు ఇంకుతో పని పడింది. అసలు ఫ్రెంచివాళ్లవి నీలం కోట్లు, స్టాంపు ఇంకేమో ఊదా. కాబట్టి మా ఫ్రెంచివాళ్లు ఊదాకోట్లు వేసుకుని యుద్ధం చేశారు. ఇంగ్లీషువాళ్లకు ఎర్రప్యాడ్, ప్రష్యావాళ్లకు, అంటే అప్పటి జర్మన్లకు, బూటు పాలిష్. సేనాపతుల భుజాలకు మాత్రం అసలు సూరత్ జరీ. ఆట అయ్యాక మా వేళ్లన్నీ ఊదాగా ఉండేవి. ఆ చేతులతో అన్నం కలిపితే ఊరుకోనని మా ఆవిడ గొడవ పెట్టేది.

మాలో మూడోవాడు, సూరత్‌లోనే కతర్‌గామ్ పేట నుంచి వచ్చే భాయ్. ముప్పై ఏళ్లు వజ్రాలకు సానపట్టి మానేసిన గుజరాతీ పెద్దమనిషి. ఒక పాత కాగితాల దుకాణంలో పుస్తకాల కుప్ప దగ్గర ఈయనా భాయ్ ఇద్దరూ ఒకే పుస్తకం మీద చెయ్యి వేశారట. భాయ్ పుస్తకం వదిలాడు, బొమ్మలు చూడడానికి వారం వారం వస్తానన్న షరతు మీద. అలా మొదలైంది వాళ్ల స్నేహం. వజ్రాలు చూసే భూతద్దం కంటికి తగిలించుకుని, ఒంటి వెంట్రుక కుంచెతో ప్రతి సిపాయికీ కళ్లూ మీసాలూ పెట్టింది ఆయనే. ఆదివారం వచ్చేటప్పుడు లోచో అనే శనగపిండి ఫలహారం వేడివేడిగా పొట్లం కట్టించి తెచ్చేవాడు. అది తిని, సబ్బుతో చేతులు కడుక్కుంటేగానీ మాకు సైన్యాన్ని ముట్టుకునే అర్హత లేదు. నూనె వేలితో గుర్రాన్ని పట్టుకున్నందుకు నన్ను ఒక పూట ఆట నుంచి బహిష్కరించారు కూడా.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. అట్టలేని హిందీ పుస్తకం, యూరపు యుద్ధాల బొమ్మలతో. నేను అన్నా అని పిలిచే ఈయన చదివింది ఏడో తరగతి. హిందీ అక్షరాలను పోగులు పట్టుకున్నట్టే ఒక్కొక్కటీ పట్టుకుంటూ ఆ పుస్తకం పదిసార్లు చదివాడు. నెపోలియన్ ఆఖరి యుద్ధం వాటర్లూ దాకా చదివాడు. వాటర్లూ మధ్యలో పుస్తకం ఆగిపోయింది. చివరి పేజీలు ఎవరో పొట్లాలకు చింపేశారు.

మిగిలిన ఆఖరి పేజీలో ఒక బొమ్మ ఉంది. ఒక సేనాపతి బల్ల ముందు కూర్చుని తింటున్నాడు, మెడలో తుండుగుడ్డ. చుట్టూ అతని కింది అధికారులు కిటికీ వైపు చేతులు చూపిస్తున్నారు. కథ ఇది. నెపోలియన్ తన సైన్యంలో దాదాపు మూడోవంతు ఈ సేనాపతికి ఇచ్చి, వెనక్కి వెళుతున్న ప్రష్యావాళ్లను వెంబడించమని పంపాడు. మర్నాడు మధ్యాహ్నానికి దూరంగా ఫిరంగులు మోగాయి. అక్కడ చక్రవర్తి వాటర్లూలో ఇంగ్లీషువాళ్లతో తలపడ్డాడని అందరికీ అర్థమైంది. మోత వినిపించిన వైపు పోదాం పద అన్నారు అధికారులు. సేనాపతి తినడం ఆపి విన్నాడు. అక్కడితో పేజీ సరి.

ఆ మొదటి సాయంత్రమే ఆయన ఆ పేజీ నా ముందు పెట్టాడు. భాయ్‌ని అడిగితే యుద్ధంలో నెపోలియన్ ఓడిపోయాడని మాత్రం తెలుసన్నాడట. ఆయనకు కావలసింది అది కాదు.

"పోయిండా, పోలేదా సారూ? గీ సేనాపతి."

నాకూ తెలియదు. జేబులోంచి ఫోను తీసి వెతికాను. ఆయన నా ఫోను వైపు చూడలేదు, నా ముఖం వైపే చూస్తున్నాడు. పోలేదని చెప్పాను. తనకు ఇచ్చిన ఆజ్ఞ ప్రష్యావాళ్లను వెంబడించమని, తను ఆ పనే చేస్తానని సేనాపతి అన్నాడట. సాయంత్రానికి ఆ ప్రష్యావాళ్లే ఇతని కన్ను తప్పించుకుని వాటర్లూ చేరారు. నెపోలియన్ పని అయిపోయింది.

ఆయన పుస్తకం మూసి, దాని మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత, "చేతిల పని ఉండె గదా ఆయనకు" అన్నాడు. ఎవరి తరఫునో వాదిస్తున్నట్టు ఉంది గొంతు. ఆ మాట నాకు అప్పుడు వింతగా తోచింది. ఎప్పుడో పోయిన ఒక ఫ్రెంచివాడి మీద గోడాదరా మనిషికి ఇంత దయ ఎందుకు?

ఇక ఆట. కింది అంతస్తులో ఎంబ్రాయిడరీ యూనిట్ ఉండేది. ఆదివారం అది మూసి ఉంటుంది కనుక చీరలు మడతపెట్టే పొడవాటి బల్ల మాది. దాని మీద పాత దుప్పటి పరిచి, కింద దారపు కండెలు దూర్చితే కొండలు. మా కొలబద్ద ఒక ముడుల తాడు. కాల్బలం ఒక వాయిదాకు, అంటే ఒక వంతుకు, ఒక ముడి దూరం నడవాలి, గుర్రాలు రెండు. కాల్పులకు లూడో పాచిక. నియమాలన్నీ ఆయనే ఒక స్కూలు నోటుబుక్కులో రాశాడు. నేను నెపోలియన్, భాయ్ ఇంగ్లీషువాళ్లు. బల్ల అంచు నుంచి వచ్చే ప్రష్యావాళ్లను కూడా భాయ్ నడిపేవాడు. ఒక్కో యుద్ధం రెండు మూడు ఆదివారాలు సాగేది. అలా వాటర్లూను ఎన్నిసార్లు ఆడామో లెక్కలేదు.

మరి ఆయన? సైన్యం మొత్తాన్నీ చేసిన మనిషి చక్రవర్తి కావచ్చు, ఎవరైనా కావచ్చు. ఆయన బల్ల దగ్గరికే వచ్చేవాడు కాదు. రెండు గజాల దూరంలో ఒక స్టూలు వేసుకుని, దాని మీద ఊదాకోట్ల దండును ఒకటి నిలబెట్టి, వాళ్ల ముందు ఆ బొమ్మలోని సేనాపతిని పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన వేషం అదే. ఆ దండుకు యుద్ధంలో పని లేదు. నోటుబుక్కులో ఆయనే రాసిన నియమం ఒకటి ఉంది: ఫిరంగుల మోత వినబడ్డాక ఆరు పడితేనే ఆ సేనాపతి యుద్ధం వైపు మళ్లాలి. పాచిక ఆయన మోకాలి పక్కనే ఉండేది. నేను మొదటి ఫిరంగి పేల్చి ఆయన వైపు చూసేవాణ్ణి. ఆయన పాచిక ముట్టుకునేవాడు కాదు. తన దండును స్టూలు మీదే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిపించేవాడు. ఎందుకన్నా అంటే, ఎవడో ఒకడు అక్కడ ఉండాలి కదా అనేవాడు.

స్టూలుకూ బల్లకూ మధ్య ఉత్త గాలి. ఒకవేళ మళ్లితే ఎలా వస్తారని అడిగితే గోడకు ఆనించిన ఒక చెక్కపట్టీ చూపించాడు. బల్లకు సరిపడేటట్టు కోసి, నున్నగా గీకి, దాని మీద ముడి ముడికీ గుర్తులు పెట్టి ఉంది. మూడేళ్లు ఆ చెక్క గోడకే ఆని ఉంది. వాడని వంతెనకు అన్ని గుర్తులు ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఇంకో వింత. నెపోలియన్ సైన్యం నడిబొడ్డున, నా సొంత దళం పక్కన, డోలు వాయించే సిపాయి ఒకడు ఉండేవాడు. వాడికి కుడిచెయ్యి లేదు. డోలు ఉంది, ఎడమచేతిలో ఒక పుల్ల ఉంది, కుడిపక్క కోటు చెయ్యి మడిచి కుట్టి ఉంది. చెయ్యి విరిగిందేమో, కొత్తది చేసిపెడతానని భాయ్ భూతద్దంలోంచి చూసి అన్నాడట. వద్దన్నాడట ఆయన. ఒంటిచేత్తో డోలు ఎలా వాయిస్తాడని భాయ్ నన్ను అడిగాడు, నేను ఆయన్ని అడిగాను. "అలవాటైంది ఆనికి" అన్నాడు.

తప్పు నాదే. ఒక ఆదివారం నేను చిత్తుగా ఓడిపోతున్నాను. ఫిరంగులన్నీ పోయాయి, ప్రష్యావాళ్లు బల్ల ఎక్కారు. ఉక్రోషం వచ్చి స్టూలు వైపు తిరిగి, "మీ సేనాపతికి చెవుడా అన్నా, ఇంత మోత మోగుతుంటే కూర్చుని తింటాడు" అన్నాను. హాస్యానికే అన్నాను. ఆయన చేతిలోని సిపాయిని స్టూలు మీద పెట్టి, లేచి, మేడ మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆట మధ్యలో ఆయన లేవడం మేము అంతవరకు చూడలేదు.

కాసేపటికి ఆయన భార్య చాయ్ తీసుకుని కిందికి వచ్చింది. నేను వదినా అని పిలిచేవాణ్ణి. భాయ్‌కీ నాకూ కప్పులు అందించి, తన కొంగుతో స్టూలు అంచు తుడిచింది.

"మీరు నవ్వుతరు గానీ సారూ, గా చెవుడు ఆయనదే" అంది.

మిగతాది మెల్లగా చెప్పింది. ఆయనకు ఒక తమ్ముడు ఉండేవాడు, సూరత్ తెచ్చి పని నేర్పింది ఈయనే. ఇరవై రెండేళ్ల కింద తమ్ముడు ఒక షెడ్డులో మగ్గాలు నడుపుతుంటే, ఈయన గోడ అవతలి షెడ్డులో బీము అతకడానికి కూర్చున్నాడు. ఆ పేటలో మగ్గాల చప్పుడు ఎప్పుడూ ఉండేదే, ఎవరూ వినరు. ఆగితేనే వినిపిస్తుంది. మధ్యాహ్నం పక్క షెడ్డు ఒక్కసారిగా ఆగిపోయింది. ఈయన షెడ్డులో మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి, కనుక కరెంటు పోలేదు. ఈయన చెయ్యి ఒక్క క్షణం ఆగిందట. ఫ్యూజు పోయి ఉంటుందిలే అనుకున్నాడట. సగంలో లేవకూడదు కదా. తర్వాతి ముడి వేశాడు. బీము పూర్తయ్యేసరికి ఇంకో రెండు గంటలు పట్టింది.

అవతల తమ్ముడి చెయ్యి మోటారు బెల్టులో పడి నలిగిపోయింది. పిలవక్కర్లేదు, చప్పుడు ఆగగానే అన్న పరుగెత్తుకొస్తాడని అక్కడివాళ్లు అనుకున్నారు. ఆటో దొరికేదాకా అరగంటసేపు ఆ పిల్లవాడు తలుపు వైపే చూశాడట. అన్న రాలేదు. ఆస్పత్రిలో కుడిచెయ్యి తీసేశారు. నయమయ్యాక తమ్ముడు సిరిసిల్ల దగ్గరి తమ ఊరికి వెళ్లిపోయి చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. అన్నతో మాట్లాడలేదు. చెయ్యి పోయినందుకు కాదు, రానందుకు. ఈయనా వెళ్లలేదు, ఏ ముఖంతో వెళ్తాడు? తల్లి పోయినప్పుడు కూడా ఒకరు వెళ్లాక ఒకరు వచ్చారు.

భాయ్‌కి తెలుగు రాదు. నేను హిందీలో చెప్పాను. ఆయన కంటి అద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరమూ ఒంటిచేతి డోలు సిపాయి వైపు చూశాం. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ తెలుసుకోవాలని చచ్చిపోయిన సంగతి అది, తెలిశాక తెలియకుంటే బాగుండు అనిపించింది. మేడెక్కి క్షమాపణ చెప్పబోతే ఆయన నన్ను చెప్పనివ్వలేదు. వచ్చే వారం మళ్లీ మొదటి నుంచి పెడదాం అన్నాడు.

అదే మా ఆఖరి వాటర్లూ. అప్పటికే ఆయనకు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఉదయం లోచో తిన్నాం, చేతులు కడుక్కున్నాం, ఆయన సిపాయిలను లెక్కపెట్టి ఒకడు తక్కువ అన్నాడు, నేను ఒట్టు పెట్టాను. మధ్యాహ్నానికి నేను మొదటి ఫిరంగి పేల్చాను. అలవాటుగా స్టూలు వైపు చూశాను.

ఆయన పాచిక తీసుకున్నాడు. ఊపలేదు, అరచేతిలో కాసేపు పట్టుకుని స్టూలు మీదికి జారవిడిచాడు. రెండు పడింది.

ఆరు పడలేదు కనుక సేనాపతి మళ్లకూడదు. భాయ్ నియమాల మనిషి. రాయిలో రవ్వంత మచ్చ ఉన్నా మచ్చ ఉందనే చెప్పే మనిషి. ఆయన కూడా బల్ల వైపు చూస్తూ ఊరుకున్నాడు. అన్న ఆ రెండు చుక్కల వైపు చూసి, "గిది చెప్తేనే పోవాలెనా?" అన్నాడు. మమ్మల్ని అడిగినట్టు లేదు. లేచి వెళ్లి గోడకు ఆనిన చెక్కపట్టీ తెచ్చాడు. ఒక కొస స్టూలు మీద, ఒక కొస బల్ల మీద పెట్టాడు. సేనాపతిని ముందు నిలబెట్టి దండును ఆ వంతెన మీదికి ఎక్కించాడు.

మొత్తం అయిదు ముడుల దూరం. అంటే అయిదు వాయిదాలు. ఆ అయిదు వాయిదాలూ నేను ఎలా ఆడానో నాకే తెలియదు. చక్రవర్తినన్న సంగతి మరిచిపోయి ఒక్క డోలు సిపాయిని కాపాడుకోవడానికి ఉన్న దళాలన్నీ వాడి చుట్టూ పెట్టాను. భాయ్ ఆట తగ్గించి ఆడతాడేమో అనుకున్నాను. తగ్గించలేదు. తగ్గిస్తే ఆయన్ని అవమానించినట్టేనని తర్వాత నాతో అన్నాడు. మూడో వాయిదాలో ప్రష్యావాళ్లు బల్ల ఎక్కారు. నాలుగో వాయిదాలో నా నడిమి దళం చెదిరింది, డోలు సిపాయి పడిపోయాడు. అయిదో వాయిదాలో ఊదాకోట్ల దండు వంతెన దిగి బల్ల మీద కాలు పెట్టింది. అప్పటికి అక్కడ యుద్ధం లేదు.

ఆయన వంగి డోలు సిపాయిని లేపాడు. వంకర పోయిన తీగ సరిచేసి తన సేనాపతి పక్కన నిలబెట్టాడు. వేలు ఊదాగా ఉంది.

"ఓడిపోయినంక వచ్చినా, వచ్చినట్టేనా సారూ?"

వచ్చినట్టేనన్నా అన్నాను. ఆయన ఏమన్నాడని భాయ్ అడిగితే హిందీలో చెప్పాను. భాయ్ అన్న భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచాడు.

మంగళవారం ఒక షెడ్డు మేనేజరు బ్యాంకుకు వచ్చి నా బల్ల ముందు గోల పెట్టాడు. మీ తెలుగు ఆయన ఎక్కడ? సగం పోగులు అతికి, ఇప్పుడే వస్తానని కూడా అనకుండా లేచిపోయాడు, ఇరవై ఏళ్లుగా ఎరుగుదును, ఇలాంటి పని ఎన్నడూ చేయలేదు, ఒంట్లో బాగా లేదా? నేను వదినకు ఫోను చేశాను. ఇంటికి వచ్చి చొక్కా మార్చుకుని స్టేషన్‌కు పోయాడని చెప్పింది. చేతి సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాడట. ఫోను పెట్టేసి, మేనేజరు ఎదురుగానే కళ్లు తుడుచుకున్నాను. ఆయన నన్నూ పిచ్చివాణ్ణి అనుకుని ఉంటాడు.

వారం తర్వాత అన్న ఊరి నుంచి తిరిగి వచ్చాడు. ఏమైందో చెప్పలేదు. నేను అడగలేదు. నా జబ్బు సంగతి తెలిసినవాళ్లు నమ్మరు గానీ, నిజంగానే అడగలేదు. నోటుబుక్కులో ఆరు పడితేనే అన్న నియమం మీద అడ్డంగా గీత కొట్టి ఉండడం మాత్రం చూశాను. మళ్లీ ఒక యుద్ధం పెడదామని అనుకుంటూనే చలికాలం వచ్చింది. ఒక తెల్లవారుజామున ఆయన గుండె ఆగిపోయింది. నేను వెళ్లేసరికి పడుకోబెట్టి ఉన్నారు. బొటనవేలు ఇంకా కాస్త ఊదాగానే ఉంది.

పదో రోజున తమ్ముడు కనిపించాడు. నడివయసు మనిషి, అన్నలాగే సన్నగా, కుడిచొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టుకుని ఉన్నాడు. వచ్చినవాళ్లు వెళ్లాక వదిన మంచం కింది డబ్బాలు బయటికి లాగించింది. భాయ్ ఒక డబ్బాలోంచి డోలు సిపాయిని ఏరి, తన భూతద్దంతో సహా తమ్ముడి ముందు పెట్టాడు. ఆయన అద్దంలోంచి చాలాసేపు చూశాడు. మడిచి కుట్టిన కోటు చేతిని గోటితో తాకాడు. నేను వాటర్లూ కథ చెప్పాను, స్టూలు సంగతీ వంతెన సంగతీ చెప్పాను. డబ్బాలన్నీ సారు దగ్గరే ఉండనీ అని, సిపాయిని మాత్రం జేబులో వేసుకున్నాడు.

అప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. ఆ రోజు మీ కొట్టు ముందుకు వచ్చి అన్న ఏమన్నాడు?

తమ్ముడు జేబులోని సిపాయిని తడుముకుంటూ చెప్పాడు. కొట్టు ముందు నిలబడ్డ అన్నను చూసి ముందు తనకు కోపమే వచ్చిందట. ఇప్పుడా వచ్చేది, ఇరవై రెండేండ్లకా, అని అడిగాడట.

"గప్పుడు అన్నడు సారూ, 'సగంలనే లేసొచ్చిన తమ్మీ' అని. ఇగ నేనేమంట? లోపలికి రమ్మన్న."